మాట్లాడ్డానికి ఎదుట మనిషి ఉండాలి కదా

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన పేపరు కటింగ్ పెట్టాడు. ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు సిబ్బంది సమ్మె, రోగుల అవస్థలు. ఊరి పేరు మారిస్తే ఏ సంవత్సరం వార్తయినా అదే. దాని కింద ఆయన "ఎస్మా పెట్టి అందర్నీ పీకేస్తే ఒక్కరోజులో దారికొస్తారు" అని రాశాడు. ఎస్మా అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం. మా వాళ్లే పది మంది చప్పట్లు కొట్టారు. నేను జవాబు రాయబోయి, నాలుగు వాక్యాలు టైపు చేసి, చెరిపేశాను. ఎందుకంటే ఆ కోపం నాకూ తెలుసు. అదే కోపంతో నేనూ ఒకరోజు ఆసుపత్రి మెట్లు దిగాను. ఆ సంగతి వాట్సాప్‌లో చెప్పేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పదో రోజు పొద్దున

రెండేళ్ల కింద మా అత్తయ్య బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పెద్దాసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ చేసిన డాక్టరు గురించి, రాత్రంతా ఒక్కతే వార్డు మొత్తం చూసుకున్న సిస్టర్ గురించి ఎంత చెప్పినా తక్కువే, అది వేరే పోస్టు. పదో రోజు పొద్దున ఆరింటికి రావాల్సిన ఊడ్చేవాళ్లు రాలేదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, రాలేదు. స్ట్రెచర్ తోసేవాళ్లూ లేరు. అత్తయ్య బెడ్‌పాన్ నేనే పట్టుకెళ్లాను, బాత్రూం గుమ్మం దగ్గరే ఆగిపోయాను, లోపల కాలు పెట్టే చోటు లేదు. చీపురు కోసం వెతికితే స్టోరు గదికి తాళం. పక్క మంచం తాతగారి కొడుకూ నేనూ కలిసి రెండు అట్టముక్కలతో కట్టు గుడ్డలూ, దూదీ, సిరంజి కవర్లూ ఒక మూలకి తోశాం. మధ్యాహ్నానికి ఈగలు ముసిరాయి. కుట్లేసిన చోట వాలుతుంటే తువ్వాలుతో తోలుకుంటూ అత్తయ్య "నన్ను ఇంటికి తీసుకుపోండే, ఇంట్లోనే పోతాను" అని ఏడ్చింది.

నేను కిందికి దిగాను. గేటు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. ముఖం మీదే అడిగేద్దామని వెళ్లాను. మా వార్డు ఊడ్చే ఆవిడ ముందు వరసలోనే ఉంది, నన్ను చూసి లేచి నిలబడింది. "పెద్దమ్మకెలా ఉందమ్మా? గంటగంటకీ పక్కకి తిప్పుతున్నారా, లేకపోతే వీపు పుండ్లు పడతాయి" అంది. ఆ తర్వాత నాకు అడగబుద్ధి కాలేదు.

ఆవిడే ఫోన్ తీసి చూపించింది. మూడు నెలలుగా జీతం పడలేదు. అది అందరికీ తెలిసిన సంగతే, దాన్ని చూపించడానికి కాదు తీసింది. పీఎఫ్ ఖాతా చూపించింది. జీతం పడిన నెలల్లో స్లిప్పులో పీఎఫ్ కోత ఉంది, ఖాతాలో మాత్రం ఎనిమిది నెలల కిందటే జమ ఆగిపోయింది. స్క్రీను మూలకి పగిలి ఉంది, ఆ పగులు పక్కన చివరి అంకె మీద వేలు పెట్టి పట్టుకుంది, నేను సరిగ్గా చదివానో లేదో అని.

ఎవర్నడిగారు అంటే చెప్పుకొచ్చింది. సూపర్‌వైజర్ని అడిగితే ఏజెన్సీకి బిల్లు పాస్ కాలేదన్నాడు. నలుగురు ఆడవాళ్లు కలిసి సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్తే ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి, "అమ్మా, మీరు నా ఉద్యోగులు కారు, ఏజెన్సీ మనుషులు, నా చేతిలో ఏముంది" అన్నాడు. బస్సెక్కి పక్క జిల్లాలో ఉన్న ఏజెన్సీ ఆఫీసుకి వెళ్తే, పైనుంచి బడ్జెట్ రిలీజ్ కాలేదు, పైన అడగండి అన్నారు. "ఏ పైన అమ్మా? ఏ మెట్లెక్కాలో చెబితే ఎక్కుతాం కదా" అంది.

ఈ పోస్టు మొత్తం ఆ ఒక్క ప్రశ్న గురించే. మన ప్రభుత్వాసుపత్రుల్లో సంఘాలు బలంగా ఉండి సమ్మెలు జరగడం లేదు. ఎదుట కూర్చుని "సరే" అనగలిగే మనిషి లేకపోవడం వల్ల జరుగుతున్నాయి. కాదు అనడానికి ప్రతి గదిలో ఒకరున్నారు. అవును అనే అధికారం ఎవరి దగ్గరుందో లోపల పనిచేసేవాళ్లకే తెలియదు.

మా నాన్న, మినిట్స్ పుస్తకం

నాకీ పట్టింపు ఎందుకంటే మా నాన్న ఎమ్మెన్వో. మేల్ నర్సింగ్ ఆర్డర్లీ. ఎనభైల్లో ఒక తాలూకా ఆసుపత్రిలో చేశాడు, పర్మనెంటు. నాలుగో తరగతి ఉద్యోగుల సంఘంలో కొన్నాళ్లు కార్యదర్శి కూడా. ఆ రోజుల్లో అంతా బంగారంలా ఉండేదని నేను చెప్పను, నాన్న కూడా చెప్పడు. కానీ ఒకటి మాత్రం గుర్తు చేసుకుంటాడు. నెలకోసారి సూపరింటెండెంటు తన గదిలో సంఘం వాళ్లని కూర్చోబెట్టుకునేవాడట. టీ వచ్చేది. నైట్ డ్యూటీలు ఎవరికి వరసగా పడుతున్నాయి, యూనిఫాం గుడ్డ ఎందుకు రాలేదు, శవాల గది దగ్గర లైటు ఎందుకు వెలగడం లేదు, ఇలాంటివే. హెడ్ క్లర్కు ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసేవాడు, కింద ఇద్దరూ సంతకం పెట్టేవారు. వచ్చే నెల మొదట పోయిన నెల పేజీ చదివేవారు. "ఆ లైటు వేయించడానికి నాలుగు నెలలు పట్టింది, కానీ నాలుగు సార్లూ ఆయన మా మొహం చూసి ఇంకా కాలేదు అని చెప్పాల్సొచ్చింది" అంటాడు నాన్న.

ఇప్పుడు ఆ పుస్తకంలో రాసుకునే సంగతులన్నీ టెండరు కాగితంలోకి వెళ్లిపోయాయి. ఊడ్చేవాళ్లు ఒక ఏజెన్సీ, సెక్యూరిటీ ఇంకో ఏజెన్సీ, ల్యాబ్ టెక్నీషియన్లలో కొందరు కాంట్రాక్టు, కొందరు ఔట్‌సోర్సింగ్, నర్సుల్లో కొందరు ఎన్‌హెచ్‌ఎం, అంటే జాతీయ ఆరోగ్య మిషన్ కింద. ఒకే వార్డులో ఒకే రోగి చుట్టూ నాలుగైదు రకాల జీతాలు, నాలుగైదు రకాల యజమానులు తిరుగుతుంటారు. రెగ్యులర్ ఉద్యోగులకు గుర్తింపు పొందిన సంఘాలున్నాయి, ప్రభుత్వంతో కూర్చోవడానికి జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉంది, ఎంత ఆలస్యమైనా జీతాలు సవరించే పీఆర్సీ ఉంది. ఊడ్చే ఆవిడకి వాటిలో ఏదీ లేదు. ఉన్నది గేటు పక్కన టెంటు.

చట్టం ఎప్పుడో చెప్పింది

"మీరు నా ఉద్యోగులు కారు" అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగాలి. ఆ మాట అన్నాయన చెడ్డవాడు కాదు, అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కానీ అది సగమే నిజం. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ప్రధాన యజమాని అనే మాట ఉండేది. ప్రభుత్వ కార్యాలయమైతే దాని అధిపతి, లేదా ప్రభుత్వం చూపించిన అధికారి, ఆ ప్రధాన యజమాని. కాంట్రాక్టరు జీతాలు పంచేటప్పుడు ఆయన తరఫు మనిషి పక్కన ఉండి చూడాలని ఆ చట్టంలో ఉండేది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్రధాన యజమానే ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకోవాలి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ జీతం ఇచ్చే ఈ బాధ్యత పోలేదు. అంటే ఆ నలుగురు ఆడవాళ్లు వెళ్లింది సరైన గదికే. ఆ గదిలో ఉన్నాయనకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఇవ్వడానికి ఆయన దగ్గర డబ్బు లేదు.

ఆసుపత్రిలో కార్మికుడు అనే మాటే ఉండకూడదు, అది సేవ, అనే వాదన కూడా పాతదే. బొంబాయి జేజే ఆసుపత్రుల్లో ఇద్దరు వార్డు పనివాళ్లని 1954లో తీసేశారు. హాస్పిటల్ మజ్దూర్ సభ వాళ్ల తరఫున కోర్టుకెళ్తే, ఆసుపత్రి పరిశ్రమే కాదు, మీకు పారిశ్రామిక వివాదాల చట్టమే వర్తించదు అని ప్రభుత్వం వాదించింది. 1960లో సుప్రీంకోర్టు వర్తిస్తుంది అంది. 1970లో సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కేసులో వర్తించదు అంది. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో ఏడుగురు జడ్జీల బెంచి, జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పుతో, మళ్లీ వర్తిస్తుంది అంది. 1982లో పార్లమెంటు ఆసుపత్రులను తప్పిస్తూ సవరణ చేసింది, ఆ ముక్కని మాత్రం ఏ ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు. ఇన్నేళ్లు వాదించుకున్నది వైద్యం గురించి కాదు. ఊడ్చేవాళ్లూ మోసేవాళ్లూ ఒక మాట అడిగితే వినాల్సిన బాధ్యత యజమానికి ఉందా లేదా అన్నదాని గురించి.

సంఘాల తప్పేమీ లేదా

ఉంది. దీన్ని దాటేసి రాస్తే మా నాన్నే ఒప్పుకోడు.

ఆయన కార్యదర్శిగా ఉన్నప్పుడు ఒక ఆర్డర్లీ తాగి డ్యూటీకి వచ్చి, పురిటి నొప్పులతో వచ్చిన ఒక కూలీ ఆమెని స్ట్రెచర్ ఎక్కించడానికి డబ్బులడిగాడు. ఆమె దగ్గర లేవు. నడిపించాడు. సూపరింటెండెంటు సస్పెండ్ చేస్తే సంఘం ధర్నాకి దిగింది, మావాడు కాబట్టి. నాన్న కూర్చోనన్నాడు, కార్యదర్శి పదవి పోయింది. ఆ తర్వాత ఆరు నెలలపాటు ఆసుపత్రిలో ఆయనతో టీ తాగడానికి ఒక్కరూ రాలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పుట్టగానే బిడ్డని చూపించడానికి అబ్బాయికింత, అమ్మాయికింత అని వసూలు చేసే దరిద్రం మన ప్రసూతి వార్డుల్లో ఎన్నేళ్లుగా ఉందో మీకు తెలుసు. దాని మీద ఏ సంఘమూ టెంటు వేయడం నేను చూడలేదు. ఒక్కో ఆసుపత్రిలో నాలుగు జెండాలు, నాలుగు కరపత్రాలు. రిటైరయి ఏళ్లయినా కుర్చీ దిగని నాయకులు. యాజమాన్యానికి కూడా ఇదే హాయి, ఒకరితో మాట్లాడకూడదనుకుంటే ఇంకొకరిని పిలవచ్చు.

అయినా నాకు అనిపించేది ఏంటంటే, ఈ జబ్బు కూడా మాటామంతీ లేకపోవడంలోంచే ముదిరింది. నెలనెలా కూర్చుని పని విషయాలు తేల్చుకునే చోట నాయకుడికి పని తెలియాలి, వార్డు తెలియాలి. కూర్చోవడమే లేనిచోట నాయకుడికి గొంతుంటే చాలు. నాన్న కాలంలో నెలనెలా కూర్చునేవారు కదా, మరి ఆ తాగుబోతుని ఎలా కాపాడారు అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. ఆ మినిట్స్ పుస్తకంలో ఉద్యోగి కష్టాలు ఉండేవి, రోగి ఫిర్యాదు ఒక్కటీ ఉండేది కాదు, అదొక కారణమేమో అనిపిస్తుంది.

గంట మోగితేనే

ఇక రోగుల్ని బందీలుగా పట్టుకుంటారన్న మాట. ఈగలు తోలిన మనిషిని కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేను. ఫ్యాక్టరీలో సమ్మె చేస్తే యజమాని లాభం ఆగుతుంది. ప్రభుత్వాసుపత్రిలో సమ్మె చేస్తే సచివాలయంలో ఎవరి జీతమూ ఆగదు, మా అత్తయ్య పక్క మారదు. దెబ్బ తగిలేది అధికారం లేనివాళ్లకి. సమ్మె చేసేవాళ్లకి ఇది తెలియదనుకోకండి, చాలాసార్లు ఎమర్జెన్సీని వదిలేస్తారు, ముందు నల్ల బ్యాడ్జీలు, తర్వాత ఓపీ బహిష్కరణ, అలా మెట్టు మెట్టుగానే వెళ్తారు. కానీ ఆ మెట్ల మీద ఉండగా ఎవరైనా పలికిన సందర్భాలు ఎన్ని?

2021లో కోవిడ్ రెండో దశ మధ్యలో తెలంగాణ జూనియర్ డాక్టర్లు మే 26న సమ్మెకు దిగారు. స్టైపెండ్ పెంపు లాంటివి ఎప్పట్నుంచో అడుగుతున్నవే. మరునాటికి ప్రభుత్వం కదిలింది, సమ్మె ఆగిపోయింది. 2024 జూన్‌లో మళ్లీ దిగారు, మళ్లీ రెండు మూడు రోజుల్లోనే నిధుల ఉత్తర్వులొచ్చాయి. నెలల తరబడి వినతి పత్రాలకి రానిది రెండు రోజుల్లో వస్తే, వాళ్లు దాన్నుంచి ఏం నేర్చుకుంటారు? గంట మోగితేనే తలుపు తెరుస్తారని మనమే నేర్పి, గంట ఎందుకు కొట్టావని తిడుతున్నాం.

అది డాక్టర్లకి. గంట కొట్టినా వినపడని వాళ్లున్నారు. 2015లో తెలంగాణ ఆశా కార్యకర్తలు వంద రోజులు దాటి సమ్మె చేశారు. వంద రోజులు. పేరుకి వాళ్లు వాలంటీర్లు, ఇచ్చేది జీతం కాదు పారితోషికం, కాబట్టి యజమాని లేడు, కాబట్టి చర్చ లేదు. 2017 మేలో ముఖ్యమంత్రి పిలిచి మాట్లాడి పారితోషికం 6,000 చేశారు. ఆంధ్రలో 2019లో కొత్త ముఖ్యమంత్రి వచ్చి 10,000 చేశారు. 2025 మార్చిలో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల వయోపరిమితి ఇచ్చారు. మంచివే, నేను కాదనను. ఊరి పురుళ్లన్నీ దగ్గరుండి చూసే మనిషికి తన పురిటికి సెలవు 2025లో వచ్చింది. స్కీం వర్కర్లని కార్మికులుగా గుర్తించమని 45వ భారత కార్మిక సదస్సు 2013లోనే సిఫారసు చేసింది. అదింకా కాగితం మీదే ఉంది. అందుకే వాళ్లకొచ్చే ప్రతిదీ ఒక ముఖ్యమంత్రి దయగా వస్తోంది, ఒప్పందంగా రావడం లేదు. వరమిచ్చిన దేవుడికి మొక్కుతాం గాని, వచ్చే ఏడాది లెక్కేంటని అడగం కదా.

ఎస్మా సంగతి కూడా చూశాం. అంగన్‌వాడీలు ఆసుపత్రి మనుషులు కాకపోయినా దగ్గరి కథే. ఆంధ్రలో 2023 డిసెంబరు 12న మొదలైన సమ్మె, జనవరిలో ఎస్మా ప్రయోగించారు, తొలగిస్తామన్నారు. 42 రోజుల తర్వాత ముగిసింది చర్చలతోనే. మా బంధువుకి ఇదే చెప్పాలనుకున్నాను. ఎస్మా పెట్టినా చివరికి కూర్చోక తప్పలేదు. మొదటి రోజే కూర్చుంటే పోయేదేంటి?

ఆ కుర్చీలో ఉన్నాయన

ఒక మాట సూపరింటెండెంట్ల తరఫున. నా స్నేహితురాలి భర్త ఒక బోధనాసుపత్రిలో ఆ కుర్చీలో రెండేళ్లున్నాడు. ముప్పై ఏళ్లు సర్జరీ చేసిన మనిషి. సీనియారిటీలో వంతు వచ్చింది, కూర్చోబెట్టారు. జీతాల బిల్లు, టెండరు షరతులు, కార్మిక చట్టం, వీటిలో ఒక్కరోజు శిక్షణ లేదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచి బల్బు కొనచ్చు, ఏజెన్సీ బిల్లు ఎప్పుడు పాసవుతుందో మాత్రం ఆయనా ఫోన్లు చేసి కనుక్కోవాల్సిందే. సంఘం వాళ్లు గదిలోకి వస్తున్నారంటే టెన్షన్‌తో బీపీ పెరిగేదట, తిడతారని కాదు, వాళ్లు అడిగేది న్యాయమని తెలిసీ ఏమీ చెప్పలేనని. "నన్ను కూర్చోబెట్టింది వాళ్లతో మాట్లాడ్డానికి కాదమ్మా, పైవాళ్లకి దెబ్బ తగలకుండా మధ్యలో ఉండటానికి" అన్నాడు నాతో.

ఏజెన్సీలని తీసేస్తే సరిపోతుందా అంటే, ఆంధ్రలో 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ పెట్టి దాని ద్వారానే జీతాలివ్వడం మొదలుపెట్టారు. మధ్యలో కమీషన్ పోయింది, చాలామందికి బ్యాంకులో నేరుగా జీతం పడింది, అది నిజమైన మేలు. కానీ ప్రభుత్వ సంస్థ జీతమిస్తోంది కాబట్టి సంక్షేమ పథకాలు పోయాయని గగ్గోలు పెట్టినవాళ్లూ అందులోనే ఉన్నారు. పథకం ఇవ్వాల్సి వస్తే ప్రభుత్వ ఉద్యోగి, పర్మనెంటు చేయాల్సి వస్తే కాదు. డబ్బు వచ్చే దారి మారింది. ఎదుట కూర్చునే మనిషి మాత్రం రాలేదు.

కొత్త కోడ్‌లో చర్చలు జరిపే సంఘం అని ఒకటి పెట్టారు, 51 శాతం మంది సభ్యులుంటే దానితోనే యాజమాన్యం మాట్లాడాలి. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు అన్ని చోట్లా తప్పనిసరి చేశారు, సగం మంది ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. నోటీసు గురించి నాకు పేచీ లేదు, ఆసుపత్రిలో నోటీసు ఉండాల్సిందే. కానీ ఆ 14 రోజులూ ఎవరు ఏం చేయాలి? నన్నడిగితే, ఏజెన్సీ ఏదైనా, జీతం ఏ ఖాతాలోంచి వచ్చినా, ఆ గేటు లోపల పనిచేసే అందరి తరఫు మనుషులతో సూపరింటెండెంటు నెలకోసారి కూర్చోవాలి, రాసుకోవాలి. తన వల్ల కానిది ఏ తేదీన ఎవరికి పంపాడో ఆ పుస్తకంలో ఉండాలి. ఏజెన్సీ జీతం ఆపితే అక్కడికక్కడ ఇచ్చేయడానికి ఆయన చేతిలో కొంత నిధి ఉండాలి, చట్టం ఎలాగూ ఇవ్వమంటోంది. రోగుల తరఫున కూడా ఒకరు ఆ గదిలో ఉండాలి. ఈ చివరిది సంఘాలకు నచ్చదు, నాకు తెలుసు. స్ట్రెచర్ ఎక్కించకుండా నడిపించిన ఆ కూలీ ఆమెని తలుచుకుంటే నాకు ఇంకోలా అనిపించడం లేదు.

అర్జీ

సమ్మె నాలుగో రోజున రెండు నెలల జీతం పడింది. మూడోదీ, పీఎఫ్ సంగతీ చూస్తామన్నారు, అందరూ పనిలోకి వచ్చారు. మా అత్తయ్య డిశ్చార్జి ముందురోజు సాయంత్రం ఆవిడ ఒక తెల్లకాగితం తెచ్చి, పీఎఫ్ కోసం అర్జీ రాసిపెట్టమంది. మంచం పక్కన స్టూలు మీద పెట్టుకుని మొదలుపెట్టాను. గౌరవనీయులైన, అని రాసి ఆగాను. ఎవరికి రాయాలి? ఆవిడా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చివరికి సూపరింటెండెంటు గారికే రాశాను, పేరు కింద "ప్రధాన యజమాని" అని కూడా రాశాను, నకళ్లు ఏజెన్సీకి, పీఎఫ్ ఆఫీసుకి. మొత్తం చదివి వినిపించమంది. ప్రధాన యజమాని అన్న చోట ఆపి, "ఇలా రాస్తే ఆయనకి కోపం రాదా?" అనడిగింది. చట్టంలో ఉన్న మాటేనమ్మా అన్నాను. సంతకం పెట్టింది.

మర్నాడు టపా సెక్షన్‌లో క్లర్కు ముందు తీసుకోనన్నాడు, ఇది ఏజెన్సీకి ఇవ్వాలి అన్నాడు. నేను అరగంట అక్కడే నిలబడ్డాను, ఆవిడ చీపురు గోడకి ఆనించి నా పక్కన నిలబడింది. చివరికి మా కాపీ మీద ముద్ర కొట్టి, తేదీ వేసి ఇచ్చాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్డు సంచిలో దోపుకుంది. పోయిన నెల ఫోన్ చేస్తే ఆ కాగితం ఇంకా దగ్గరే ఉందంది. ఏజెన్సీ మారిందట. కొత్తవాళ్లు పాత పీఎఫ్ మాకు సంబంధం లేదన్నారట.